ఇంట్లో పుట్టగొడుగులకు తేమ గది: డబ్బానా, గోనె తెరలా, మిస్ట్ గుడారమా?

ఇంటి అవసరానికి పుట్టగొడుగులు పెంచుకోవాలనుకునేవారు గడ్డిని ఉడకబెట్టడం, విత్తనం చల్లి సంచులు కట్టడం వరకు పెద్దగా తడబడరు. సంచి నిండా తెల్లటి బూజు అల్లుకున్న తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. ఒకరు ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రాలు పెట్టమంటారు, మరొకరు గోనె సంచులు తడిపి కట్టమంటారు, ఇంకొకరు పొగమంచు పుట్టించే మిస్ట్ యంత్రం కొనమంటారు. ఈ మూడింటికి కూలర్ పెట్టిన చిన్న గదినీ, పెరటి పాకనూ కూడా చేర్చి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో ఏది ఎవరికి నప్పుతుందో పోల్చి చెప్పడం ఇక్కడి ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తేమ పుట్టించడం ఎవరికైనా సులువే; పుట్టించిన తేమ పోకుండా కొత్త గాలిని లోపలికి రానివ్వడమే కష్టం. అందువల్ల ఏ పద్ధతినైనా అది ఎంత తేమ ఇస్తుందని చూసి ఎంచుకోకూడదు. గంటకు నాలుగైదు సార్లు గాలి మారినా ఎంత తేమ నిలుపుకోగలదని చూసి ఎంచుకోవాలి.

## గదికన్నా ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ఏ పుట్టగొడుగును ఏ నెలలో పెంచుతారన్నది. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు 20 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, గాలిలో 80 నుంచి 90 శాతం తేమ కావాలి. మన ప్రాంతంలో అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఈ వేడి దాదాపు దానంతట అదే దొరుకుతుంది కాబట్టి, ఆ నెలల్లో తేమ గది పని తేమ నిలపడం ఒక్కటే. పాల పుట్టగొడుగు 30 నుంచి 35 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో విడుదల చేసిన ఏపీకే-2 రకం వచ్చాక దక్షిణాదిలో దీని సాగు బాగా వ్యాపించింది. దీనికి సంచి పైభాగం తెరిచి శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి, అదొక అదనపు పని. అయితే వేసవిలో ముత్యపు చిప్ప కోసం గదిని చల్లబరచడానికి పడే పాట్లతో పోలిస్తే మట్టి పొర వేయడం చాలా తేలిక. తెల్ల బటన్ పుట్టగొడుగుకు మొగ్గ తొడిగే దశలో 14 నుంచి 18 డిగ్రీలు కావాలి, అంటే ఏసీ లేనిదే కుదరదు. దాన్ని ఈ పోలికలో చేర్చలేదు.

రెండవది, గది ఎప్పుడు అవసరమన్నది. విత్తనం వేసిన తర్వాత రెండు మూడు వారాలు సంచులు చీకటిలో, మూతి కట్టేసి ఉంటాయి. గడ్డిలోని తడి సంచిలోనే నిలుస్తుంది కాబట్టి అప్పుడు బయటి గాలి పొడిగా ఉన్నా నష్టం లేదు. మంచం కింద, అటక మీద, ఎక్కడైనా శుభ్రమైన చోట పెట్టవచ్చు. సంచికి గాట్లు పెట్టి మొగ్గలు రప్పించే దశ నుంచి కోతలు అయ్యేవరకే తేమ గది కావాలి. ఈ తేడా గమనించనివారు అవసరానికి రెట్టింపు గది కట్టుకుని, దాన్ని తడపలేక అలసిపోతారు.

మూడవది, ఎన్ని సంచులన్నది. ఒక కిలో ఎండు వరిగడ్డితో కట్టిన సంచి అన్ని కోతలూ కలిపి సుమారు అర కిలో నుంచి ముప్పావు కిలో వరకు ఇస్తుందని అంచనా వేసుకోవచ్చు. నలుగురున్న ఇంటికి పది రోజులకొకసారి రెండేసి సంచులు కడితే చాలు. ఒక్కో సంచి తేమ గదిలో నెల, నెలా ఐదు రోజులు ఉంటుంది కాబట్టి ఏ సమయంలోనైనా ఆరు నుంచి ఎనిమిది సంచులకు చోటు ఉండాలి. అంతకు మించి పెట్టదలచినవారు మిగిలిన పుట్టగొడుగులు ఎవరికి ఇస్తారో ముందే ఆలోచించుకోవడం మంచిది. ఇవి ఫ్రిజ్‌లో కూడా కొద్ది రోజులకు మించి నిలవవు.

## ఏ లెక్కన పోల్చాలి

తేమ శాతం అంటే ఆ వేడిలో గాలి మోయగలిగిన నీటి ఆవిరిలో ఎంత వంతు ఇప్పుడు ఉందన్న లెక్క. 28 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 27 గ్రాముల ఆవిరిని మోస్తుంది. 85 శాతం తేమ అంటే అందులో 23 గ్రాములు. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, 20 శాతం తేమతో ఉన్న బయటి గాలిలో ఉండేది 10 గ్రాములే. అంటే ఒక ఘనపు మీటరు పట్టే అలమరంత గుడారంలో గాలి ఒక్కసారి మారితే సుమారు 13 గ్రాముల నీరు ఆవిరి కావాలి. గంటకు ఐదుసార్లు మారితే 65 గ్రాములు. చేతి స్ప్రేతో రోజుకు మూడుసార్లు కొడితే ఈ లెక్క ఎందుకు తీరదో దీన్నిబట్టి తెలుస్తుంది. అదే విశాఖపట్నంలో ఆగస్టు గాలిలో ఇప్పటికే ఇరవై గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది కాబట్టి, అక్కడ స్ప్రే ఒక్కటే సరిపోతుంది.

గాలి మార్పు ఎందుకంటే, పుట్టగొడుగు మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు పేరుకుంటే ముత్యపు చిప్పల కాడలు పొడుగ్గా సాగి, గొడుగులు గోరంత చిన్నవిగా మిగులుతాయి. గాలి ఎక్కువై తేమ తగ్గితే గొడుగుల అంచులు ఎండి పగులుతాయి, లేదా మొగ్గలు గోధుమరంగుకు తిరిగి ఆగిపోతాయి. నీరు గొడుగుల మీద గంటల తరబడి నిలిస్తే సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా చేరి, పసుపు, గోధుమ రంగు జిగట మచ్చలు పడతాయి. ఈ మూడు గుర్తులు తెలిసినవారికి ఖరీదైన పరికరాలతో పెద్దగా అవసరం ఉండదు.

అయినా ఒక తేమ మాపకం ఉండడం మంచిదే. అంగడిలో దొరికే చవక డిజిటల్ మాపకాలు 85 శాతం దాటాక తరచుగా తప్పు చూపిస్తాయి. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా తడిసేంత నీరు మాత్రమే కలిపి, దాన్ని మాపకంతో పాటు మూత గట్టి డబ్బాలో రాత్రంతా ఉంచితే, లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మాపకం 70 చూపిస్తే ఆ తర్వాత అది చెప్పే ప్రతి అంకెకూ 5 కలుపుకోవాలి.

మిగిలిన రెండు కొలమానాలు, రోజుకు ఎన్నిసార్లు చేయి పెట్టాలన్నదీ, ఇంట్లో వచ్చే నీరు ఎలాంటిదన్నదీ. రెండవది చాలామందికి తట్టదు, కానీ మిస్ట్ యంత్రం కొనాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

## రంధ్రాల ప్లాస్టిక్ డబ్బా

దుప్పట్లు దాచుకునే పెద్ద డబ్బాకు అడుగు, మూతలతో సహా ఆరు వైపులా రెండేసి అంగుళాల దూరంలో పావు అంగుళం రంధ్రాలు పెట్టి, అడుగున నాలుగైదు అంగుళాల మందాన తడిపిన పెర్లైట్ (తడిని పట్టి ఉంచే తేలికైన తెల్లని గుళికలు) పోయడం దీని పద్ధతి. పెర్లైట్ నర్సరీల్లో దొరుకుతుంది. దొరకకపోతే కుండీల్లో వేసే మట్టి గోళీలు వాడవచ్చు, కానీ అవి పెర్లైట్ అంత తేమ ఇవ్వవు. అడుగు రంధ్రాల గుండా కూడా గాలి వెళ్లాలి కాబట్టి డబ్బాను నాలుగు ఇటుకల మీద ఎత్తిపెట్టాలి. దాన్ని తిన్నగా నేల మీద పెట్టేస్తే సగం పని చెడుతుంది.

ఖర్చు కొన్ని వందల రూపాయలతో పోతుంది, కరెంటు అక్కర్లేదు. కానీ పట్టేది రెండు మూడు చిన్న సంచులే. రోజుకు మూడు నాలుగుసార్లు మూత తీసి, ఆ మూతతోనే విసిరి, సన్నగా స్ప్రే కొట్టాలి. తెలంగాణలో గానీ రాయలసీమలో గానీ మార్చి దాటాక రంధ్రాల గుండా వచ్చే పొడి గాలి ముందు పెర్లైట్ ఓడిపోతుంది. ఇది శీతకాలంలో, అపార్టుమెంటు బాల్కనీలో, అసలు ఈ వ్యవహారం తనకు నచ్చుతుందో లేదో చూసుకోదలచినవారికి తగినది. పింగాణీ పలకలు పరిచిన వంటింటి గట్టు కింద చోటున్నా చాలు.

## తడి గోనె తెరల చట్రం

మన వాతావరణానికి ఐదింటిలో ఇదే ఎక్కువ కాలం నిలిచే మార్గమని నా నమ్మకం. పీవీసీ పైపులతో గానీ వెదురుతో గానీ నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున చట్రం కట్టి, లోపల దోమతెర, దాని బయట నాలుగు వైపులా గోనె పట్టాలు వేలాడదీస్తారు. పైకప్పుకు మాత్రం పాలిథిన్ కప్పి, దాని మీద మరో గోనె పరుస్తారు. సంచులను మధ్యలో ఉట్ల మాదిరిగా తాళ్లతో ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే ఎనిమిది సంచులు సులువుగా పడతాయి. అడుగున రెండు అంగుళాల ఇసుక పోసి దాన్ని కూడా తడుపుతారు.

దీని బలమంతా గోనె స్వభావంలో ఉంది. గాలి ఆ నేతలోంచే లోపలికి రావాలి, వచ్చేటప్పుడు తడిని మోసుకుని, చల్లబడి వస్తుంది. తేమ, గాలి మార్పు, చల్లదనం మూడింటినీ ఒకే తెర చూసుకుంటుంది. తక్కిన పద్ధతుల్లో ఈ మూడింటికీ మూడు ఏర్పాట్లు కావాలి, వాటిలో ఒకటి రెండవదాన్ని చెడగొడుతూ ఉంటుంది. రామగుండంలోనో అనంతపురంలోనో బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నప్పుడు నీరు ఆవిరవడం వల్ల గాలి సిద్ధాంతరీత్యా 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. ఇంటి చట్రంలో అంత రాకపోయినా, నీడలో పెడితే పాల పుట్టగొడుగుకు కావలసిన 32, 33 డిగ్రీలు ధారాళంగా వస్తాయి. కాకినాడలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున మాత్రం ఎంత తడిపినా 29 డిగ్రీల కిందికి దిగదు. కోస్తాలో గోనె పని తేమ నిలపడం వరకే, చల్లదనాన్ని దాని నుంచి ఆశించకూడదు.

లోపం పనిభారం. శీతకాలంలో రోజుకు రెండుసార్లు, రోహిణి కార్తెలో ఐదారుసార్లు తడపాలి. పగలంతా ఇల్లు తాళం వేసి ఉండేవారికి ఒక ఉపాయం ఉంది: నిలువునా చీల్చిన పైపును చట్రం పై అంచున తొట్టిలా కట్టి, గోనె పై అంచును అందులో ముంచి ఉంచితే, నీరు నేతలోకి పాకి మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. తొట్టి ఉదయం నింపితే సాయంత్రం దాకా నిలుస్తుందో లేదో సెలవు రోజున చూసుకుని, చాలకపోతే పైన ఒక బకెట్టు, చుక్కల నీటి గొట్టం తగిలించవచ్చు.

గోనె ఎంపికలో పొరపాటు చేయకూడదు. ఎరువులు, పురుగుమందు పట్టిన విత్తనాలు మోసిన సంచులను ఎంత ఉతికినా వాడవద్దు. కొత్త పట్టా కొనడమే మేలు. ఎప్పుడూ తడిగా ఉండే గోనెకు ఆకుపచ్చ బూజు పట్టడం సహజం కాబట్టి రెండు జతలు ఉంచుకుని, వారం పది రోజులకొకసారి మార్చి, తీసినదాన్ని బ్లీచింగ్ పౌడరు నీటిలో నానబెట్టి ఉతికి, మంచి ఎండలో ఆరవేయాలి. కుళ్లు వాసన వస్తోందంటే మార్చడం ఆలస్యమైందన్నమాట.

## పాలిథిన్ గుడారం, మిస్ట్ యంత్రం

నాలుగు అరల ఇనుప స్టాండుకు పారదర్శకమైన పాలిథిన్ తొడిగి, ఒక పక్క నుంచి గొట్టం ద్వారా పొగమంచు పంపే పద్ధతి ఇది. నీటిలో కంపించే బిళ్ల ఒక్కటి గంటకు సుమారు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీటిని మంచుగా మార్చగలదు. పైన వేసిన లెక్క ప్రకారం గుడారానికి కావలసినది గంటకు 65 గ్రాములే కాబట్టి, ఒక్క బిళ్ల చాలు. నాలుగు బిళ్లల యంత్రం కొని గుడారమంతా నీళ్లు కారేలా చేసుకోవడంలో అర్థం లేదు. టైమర్ ప్లగ్గు పెట్టి, పది నిమిషాల మంచు, ఇరవై నిమిషాల విరామంతో మొదలుపెట్టి, గొడుగుల మీద నీటి బిందువులు నిలవని దగ్గర ఆపాలి.

యంత్రం తేమ ఇస్తుంది, గాలి ఇవ్వదు. కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాను ఒకటి మంచు వెళ్లే గొట్టంలోకే ఊదేటట్టు పెట్టి, గుడారం కింది అంచును నేలకు తగలకుండా నాలుగు వేళ్ల ఎత్తున వదలాలి. కార్బన్ డయాక్సైడ్ ఆ దారిన బయటికి పోతుంది. ఫ్యాను గాలి సంచులకు నేరుగా తగలకూడదు.

నీటి సంగతి ఇక్కడే వస్తుంది. ఈ యంత్రం నీటిని మరిగించదు, చిన్న చిన్న బిందువులుగా చిదిమి పంపుతుంది. కాబట్టి బోరు నీటిలోని సున్నమంతా బిందువులతో పాటే వెళ్లి, సంచుల మీద, ఇంటి సామాను మీద తెల్లని పొడిగా పేరుకుంటుంది, బిళ్ల కూడా త్వరగా పాడవుతుంది. కెటిల్‌లో తెల్లని పెంకు కట్టే నీరు వచ్చే ఇళ్లవారు శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు తెచ్చుకోవలసిందే. టైమరుతో నడిపినా రోజుకు రెండు మూడు లీటర్లు కావాలి, ఆ ఖర్చును ముందే కలుపుకోవాలి. తొట్టిలో పాత నీరు నిలవ ఉంచకుండా రోజూ పారబోసి తుడవడం కూడా తప్పదు, ఎందుకంటే ఆ నీటిలో పెరిగేది ఏదైనా ఇంట్లోవారి ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. కరెంటు ప్లగ్గు గుడారం బయట, నీటి మట్టానికి పైన ఉండాలి.

వేడి విషయంలో ఈ గుడారం బలహీనం. పాలిథిన్ వేడిని పట్టి ఉంచుతుంది, లోపల ఆవిరి నిండుగా ఉంటే ఆవిరితో వచ్చే చల్లదనమూ ఆగిపోతుంది. ఎండ తగిలే బాల్కనీలో ఏప్రిల్ నెలలో దీన్ని పెట్టడమంటే సంచులను ఉడకబెట్టడమే.

## కూలర్ పెట్టిన చిన్న గది

వాడని స్నానాల గదో సామాన్ల గదో ఉన్నవారికి, అటకెక్కిన ఎయిర్ కూలర్ ఉంటే, ఇది ఆశ పుట్టించే మార్గం. పొడి వేసవిలో కూలర్ 40 డిగ్రీల గాలిని 27, 28 డిగ్రీలకు దింపగలదు, గాలి మార్పు ఎంత కావాలంటే అంత ఇస్తుంది. అయితే అలా వచ్చిన గాలిలో తేమ 65 శాతం దగ్గరే ఉంటుంది. ఆ గాలి నేరుగా తగిలితే మొగ్గలు ఎండిపోతాయి. కాబట్టి కూలర్ ముందు తడి గోనె తెర ఒకటి అడ్డంగా కట్టి, ఎదురు గోడకు గాలి బయటికి పోయే దారి ఉంచాలి. పదిహేను, ఇరవై సంచులకు మించి పెట్టేవారికే ఈ ఏర్పాటు గిట్టుబాటు. కోస్తా జిల్లాల్లో దీని జోలికి పోవద్దు.

## పెరటి పాక

తాటాకు లేదా వరిగడ్డి కప్పు, నేల మీద ఇసుక, చుట్టూ గోనెలు: వేసవిలో కూడా బాగా పనిచేసే పాత పద్ధతి ఇదే, గోనె చట్రానికి పెద్దన్న. స్థలం, తడపడానికి మనిషి ఉన్న పల్లెటూరి ఇళ్లకు, కొద్దిగా అమ్మకానికి కూడా పెంచేవారికి సరిపోతుంది. ఎలుకలు, చెదలు, నిప్పు భయం ఎప్పుడూ ఉంటాయి. రేకుల షెడ్డు మాత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు. పైన గడ్డి పరిచి తడపనిదే రేకు కింద ఏ పుట్టగొడుగూ బతకదు.

పాత ఫ్రిజ్‌ను, థర్మాకోల్ పెట్టెను తేమ గదిగా మార్చవచ్చని కూడా కొందరు చెబుతారు. అవి వేడిని ఆపుతాయి గానీ గాలిని కూడా ఆపుతాయి, అందుకే వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

| మార్గం | పట్టే సంచులు | రోజువారీ పని | బాగా నప్పే చోటు, కాలం | ముఖ్యమైన లోపం |
|---|---|---|---|---|
| రంధ్రాల డబ్బా | 2–3 చిన్నవి | 3–4 సార్లు విసరడం, స్ప్రే | అపార్టుమెంటు, శీతకాలం | పొడి గాలికి ఆగదు |
| గోనె చట్రం | 6–8 | 2 నుంచి 6 సార్లు తడపడం | పొడి ప్రాంతాల్లో ఏడాదంతా, కోస్తాలో శీతకాలం | పనిభారం, గోనెకు బూజు |
| మిస్ట్ గుడారం | 8–12 | రోజూ తొట్టి తుడిచి నింపడం | పగలు ఎవరూ లేని ఇల్లు, నీడ గది | మంచి నీరు కావాలి, వేడెక్కుతుంది |
| కూలర్ గది | 15కు పైగా | నీరు నింపడం, తెర తడపడం | పొడి ప్రాంతాల వేసవి | కరెంటు ఖర్చు, కోస్తాకు పనికిరాదు |
| పెరటి పాక | 30కు పైగా | పూట పూటా తడపడం | పల్లె, పెరడు ఉన్న ఇల్లు | ఎలుకలు, నిప్పు, స్థలం |

## ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే హైదరాబాదు అపార్టుమెంటు వారికి, నీడ పడే బాల్కనీ ఉంటే, అక్టోబరులో డబ్బాతో మొదలుపెట్టి, నచ్చితే మరుసటి శీతకాలానికి మిస్ట్ గుడారానికి మారమని నా సలహా. నీళ్ల క్యాన్ల బెడద ఉన్నా, వారి దగ్గర లేనిది డబ్బుకన్నా పగటి సమయం. ఇంట్లో పెద్దవారెవరైనా పగలు ఉండి, మొక్కలకు నీళ్లు పోసినట్టే గోనెలకు కూడా పోయగలిగితే, వేరే ఆలోచన లేకుండా గోనె చట్రం కట్టుకోవచ్చు. శీతకాలం ముత్యపు చిప్ప, మార్చి నుంచి పాల పుట్టగొడుగు అని ఒకే చట్రంలో రెండు పంటలు తీయవచ్చు. విజయవాడ నుంచి శ్రీకాకుళం దాకా తీరానికి దగ్గరగా ఉండేవారు వేసవిలో పాల పుట్టగొడుగుకే పరిమితం కావడం మంచిది. ఆ నెలల్లో వారికి తేమకన్నా గాలి మార్పే పెద్ద ఇబ్బంది కాబట్టి గోనెను సగానికి చుట్టి పైకి కట్టి, దోమతెరను మాత్రం వదలవచ్చు.

న్యూజెర్సీ లాంటి చలి ప్రాంతాల్లో ఉండే మనవారికి లెక్క తిరగబడుతుంది. శీతకాలం హీటరు నడిచే ఇంట్లో వేడి సరిగ్గానే ఉంటుంది కానీ గాలిలో తేమ 30 శాతానికి కూడా దిగిపోతుంది. అక్కడ గోనె నీరు చెక్క నేల మీద కారుతుంది కాబట్టి గుడారమే తగినది, దాని నుంచి వచ్చే గాలిని కిటికీ వైపు పంపాలి.

ఉబ్బసం ఉన్నవారు ఉండే ఇంట్లో మాత్రం ఏ మార్గమైనా గదుల బయటే ఉండాలి. ముత్యపు చిప్పలు ముదిరితే తెల్లని పొడిలా సిద్ధబీజాలను విపరీతంగా రాలుస్తాయి, అవి పీల్చినవారికి దగ్గు, జ్వరం, ఆయాసం రావచ్చు. గొడుగు అంచు కిందికి వంగి ఉండగానే కోస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పడకగదిలో ఎంత చిన్న డబ్బా కూడా పెట్టవద్దు.

ఏది ఎంచుకున్నా, సంచులు పెట్టడానికి ముందు ఖాళీ గదిని రెండు రోజులు పూర్తిగా నడిపి చూడాలి. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి వేడి, తేమ రాసుకోవాలి. మధ్యాహ్నం అంకె 75 శాతం కన్నా తక్కువగా ఉంటే, తడి పెంచడానికి ముందు ఎండ, ఫ్యాను గాలి తగలని చోటికి గదిని జరిపి చూడండి. రాత్రి అంకె 95 దాటి గోడల వెంట నీరు కారుతుంటే చీకటి పడ్డాక తడపడం మానేయండి. సంచుల్లో తెల్లటి బూజు పూర్తిగా అల్లుకోవడానికి ఎలాగూ రెండు వారాలకు పైగా పడుతుంది కాబట్టి, విత్తనం వేసిన రోజునే చట్రం కట్టడం మొదలుపెడితే ఈ పరీక్షకు కావలసినంత సమయం ఉంటుంది.